"రెండేళ్లు తగ్గించి రాయండి అయ్యగారూ"



కొన్నేళ్ల క్రితం, వేరే ఊళ్లో సేవలో ఉన్నప్పటి మాట. సాయంకాల ప్రార్థన అయ్యాక ఒక సహోదరుడు కొడుకుతో కలిసి ఆగాడు. కుర్రాడు ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. "అయ్యగారూ, వీడికి అండర్ 17 సెలక్షన్ ఉంది. వయసు దాటిపోయింది. సంఘ రిజిస్టరు చూసి పుట్టిన తేదీ రాసిస్తారు కదా, రెండేళ్లు తగ్గించి రాయండి. అందరూ చేస్తున్నదే" అన్నాడు. నేను రాయలేదు. ఆయన నాలుగు నెలలు మందిరం గడప తొక్కలేదు. ఈ మధ్య మళ్లీ అలాంటి మాటే చెవిన పడింది కాబట్టి ఇది రాస్తున్నాను.

తేదీ తెలియక తప్పు పడటం వేరు. బడిలో చేర్చిన రోజు పంతులుగారు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేసినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. తెలిసి తగ్గించడం వేరు.

ఇది మన ఊళ్ల జబ్బు మాత్రమే కాదు. 1988లో మెక్సికో దేశం యువకుల ప్రపంచ పోటీలకు అర్హత సాధించడానికి వయసు దాటిన నలుగురిని ఆడించింది. వాళ్ల అసలు పుట్టిన తేదీలు ఆ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య స్వయంగా అచ్చు వేసిన పుస్తకంలోనే ఉన్నాయి! ఫిఫా ఆ దేశపు జట్లన్నిటినీ రెండేళ్లు నిషేధించింది. దాంతో పెద్దల జట్టు 1990 ప్రపంచకప్‌కు దూరమైంది. ఆ జట్టులోని హ్యూగో సాంచెజ్ ఆ ఏడాదే స్పెయిన్ లీగులో 38 గోల్స్ కొట్టాడు. ఆయన చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. ఎవరో కాగితం మీద రాసిన అబద్ధానికి ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

తర్వాత ఫిఫా కాగితాలను మాత్రమే నమ్మడం మానేసింది. 2009లో నైజీరియాలో జరిగిన అండర్ 17 ప్రపంచకప్ నుంచి ఆటగాళ్ల మణికట్టుకు ఎమ్మారై స్కానింగ్ తీయించడం మొదలుపెట్టింది. ఎదిగే పిల్లల మణికట్టు ఎముక చివర మెత్తటి పొర ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యాక అది ఎముకలో కలిసిపోతుంది. పదిహేడు నిండని మగపిల్లల్లో అలా పూర్తిగా కలిసిపోయేది నూటికి ఒక్కరిలో కూడా కాదు.

ఇది చదివినప్పుడు నాకు ఇస్సాకు గుర్తొచ్చాడు. చూపు ఆనని ఆ ముసలి తండ్రి కూడా చేతులే తడిమి చూశాడు. యాకోబు చేతులకు మేకపిల్లల తోలు కట్టి పంపింది కన్నతల్లే. కొడుకు మీద ప్రేమతోనే చేసింది. కానీ ఆ కొడుకు ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చింది. తల్లి మళ్లీ అతణ్ణి చూసినట్టు ఎక్కడా రాసి లేదు.

"పేదవాడికి ఇదొక్కటే దారి అయ్యగారూ" అంటారు. ఆ బాధ నాకు తెలుసు. క్రీడల కోటాలో ఒక ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది. కానీ లెక్క చూడండి. 2017లో మన దేశంలో జరిగిన అండర్ 17 ప్రపంచకప్‌లో ఒక్కో జట్టుకు 21 మందికే చోటు. జిల్లా జట్టయినా అంతే, చోట్లు లెక్కే. పంతొమ్మిదేళ్లవాడు పదిహేడని చెప్పి లోపలికి వెళితే, నిజంగా పదహారేళ్లున్న ఒకడు బయట నిలబడతాడు. వాడూ ఏ కూలివాడి కొడుకో అయి ఉంటాడు. మనం దొంగిలించింది ప్రభుత్వం దగ్గర కాదు, వాడి దగ్గర.

స్కానింగ్‌కు దొరకనివాళ్లు కూడా ఉంటారు. యంత్రం అందరినీ పట్టలేదు. అందుకే ఈ మాట యంత్రానికి భయపడి కాదు, మనస్సాక్షికి భయపడి వినమంటున్నాను.

తల్లిదండ్రులారా, వయసు దాటితే అండర్ 19 ఉంది, యూనివర్సిటీ జట్లున్నాయి, క్లబ్బులున్నాయి. అక్కడికి తీసుకెళ్లండి. బస్సు ఛార్జీలకు ఇబ్బందైతే సంఘానికి చెప్పండి, సిగ్గుపడకండి. అబద్ధం కాగితం తప్ప ఏం కావాలన్నా అడగండి.

ఆ రోజు తండ్రి మాట్లాడుతున్నంతసేపూ ఆ కుర్రాడు తల వంచుకునే ఉన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం నెమ్మదిగా అడిగాడు: "అయ్యగారూ, ఉన్న వయసు చెబితే నన్ను ఎక్కడా ఆడనివ్వరా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది పెద్దవాళ్లమైన మనమే. మన పిల్లల కోసం ఈ వారం ప్రార్థనలో ఇది కూడా జ్ఞాపకం చేసుకోండి.