పాట వినరా నాయనా, బండి దిగి విను!

నేను పాటలకి శత్రువుని కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే సగం చదివేసరికి మీ ఇంట్లో కుర్రకారు "ఈవిడెవరో పాత చింతకాయపచ్చడి" అని ఓ ముద్ర కొట్టేస్తారు. పొద్దున్నే విజయవాడ రేడియో పలకందే మా పుట్టింట్లో కాఫీ దిగేది కాదు. బి.ఏ. చదివే రోజుల్లో క్యాసెట్టులో టేపు చిక్కుపడితే, పెన్సిలు దూర్చి ఓపిగ్గా తిప్పి తిప్పి పాటని బతికించుకున్నదాన్ని నేను. ఇవాళ్టికీ పక్కన పాట లేకపోతే కూర తరగడానికి నాకు చెయ్యి సాగదు. అంచేత నా పోట్లాట పాటతో కాదు. బండెక్కిన పాటతో!

సంగతేవిటంటే, మొన్న శ్రావణమాసంలో ఓ పేరంటానికి మా అబ్బాయి బండి మీద సత్యనారాయణపురం నుంచి పటమట బయల్దేరాను. పట్టుచీర. ఓ పక్కకి తిరిగి కూచున్నాను. నెత్తిన హెల్మెట్టు లేదు. జడలో పూలు నలుగుతాయని నేనే వద్దన్నాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఏలూరు రోడ్డెక్కాక గాలికి పైటచెంగు జారింది. లాక్కునేలోగా వెనక చక్రం దాన్ని అందుకుంది. "ఒరేయ్, ఆపరా!" అని అరిచాను. వాడు ఆపలేదు. మళ్ళీ అరిచాను. భుజం మీద దబదబా కొట్టాను. వాడు తల ఊపి కాస్త వేగం తగ్గించాడు, అంతే! బండెక్కితే చాలు "మెల్లిగా, మెల్లిగా" అని భుజం తట్టడం నాకలవాటు గనక ఇదీ అలాంటిదేననుకున్నాడట. చివరికి పక్కన వస్తున్న ఆటో అతను కేకలేస్తూ అడ్డంగా వస్తే అప్పుడాగాడు. అప్పటికి చెంగు మూరెడు చిరిగి చక్రానికి చుట్టుకుపోయింది. ఆ పట్టు కాస్త పాతదై చిరిగిపోబట్టి సరిపోయింది గాని, గట్టిదైతే చెంగుతోపాటు నేనూ చుట్టుకునేదాన్నే.

"అంత అరుస్తుంటే వినపళ్ళేదుట్రా?" అన్నాను వొణికిపోతూ. వాడు హెల్మెట్టు తీసి, రెండు చెవుల్లోంచీ బఠానీ గింజలంతవి రెండు ఊడదీసి, "పాట వస్తోందమ్మా" అన్నాడు.

వాటిని కొనిచ్చింది ఎవరనుకున్నారు? నేనే. పుట్టినరోజు కానుక!

ఇంకో ముచ్చట వినండి. బండి వెనక కూచునే మనిషి బట్టలు చక్రంలో పడకుండా, చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలని మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నియమాల్లోనే రాసిపెట్టారు. దాన్నే మనం శారీ గార్డు అంటాం. మా వాడు బండి కొన్న నెలకే "చూడ్డానికి బాగాలేదమ్మా" అని దాన్ని ఊడదీయించాడు. ఇనప గార్డు చీరని కాస్తుంది, చెవి మనిషి మాటని కాస్తుంది. ఒకదాన్ని ఫ్యాషను కోసం తీసేసి, రెండోదాన్ని పాట కోసం మూసేస్తే, ఇక వెనక కూచున్న దాన్ని ఎవరు కాస్తారు?

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. మీ ఇంట్లోనూ ఇవే జవాబులొస్తాయి గనక వివరంగా చెబుతాను.

"ఇక నించీ ఒక్క చెవిలోనే పెట్టుకుంటాలే" అన్నాడు. దేవుడు రెండు చెవులిచ్చింది దుద్దులు పెట్టుకోడానికి మాత్రమే కాదు. శబ్దం ఒక చెవిని ఒక పిసరు ముందు, రెండో చెవిని ఒక పిసరు వెనక చేరుతుంది. ఆ తేడాని బట్టే అది ఏ వేపునించి వస్తోందో మెదడు పోల్చుకుంటుంది. ఒక చెవి మూస్తే బస్సు వస్తోందని తెలుస్తుంది గాని, ఏ పక్కనించో తెలీదు. ఎటు తప్పుకోవాలో తెలీనప్పుడు బస్సొస్తోందని తెలిసి మాత్రం ఏం లాభం?

"కార్లో అందరూ పాటలు వింటున్నారుగా?" అన్నాడు. నిజమే. కానీ కార్లో పాట గదిలో ఉంటుంది, చెవిలో కాదు. పక్కన కూచున్న భార్య "చూసుకోండి!" అంటే వినబడుతుంది. పైగా కారుకి చుట్టూ ఇనప గోడలున్నాయి. బండి మీద కుర్రాడికి ఉన్న గోడ వాడి చర్మమే.

"చెవిటివాళ్ళకి కూడా లైసెన్సులిస్తున్నారు, తెలుసా?" అన్నాడు, ఇక నన్ను ఓడించాననుకుని. తెలుసు. చెవులు వినపడని మనిషి ఆ లోటుని కళ్ళతో పూడ్చుకోవడం జీవితమంతా సాధన చేస్తాడు. క్షణానికోసారి అద్దంలో చూసుకుంటాడు. మా వాడు అద్దంలో చూసుకునేది క్రాపు దువ్వుకోడానికి. రెండూ ఒకటెలా అవుతాయి?

"ఫోను జేబులోనే ఉంటుంది. దాని జోలికే వెళ్ళను" అన్నాడు. ఇదే అసలు మోసం! వెనకటి క్యాసెట్టులా ఇప్పటి పాట చాలామటుకు ఫోనులో ఉండదు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లోంచి కుళాయి నీళ్ళలా కాస్త కాస్త వస్తూ ఉంటుంది. స్ట్రీమింగ్ అనేది దీన్నే. మనం చిన్న బిందెలో పట్టుకున్నట్టు, ఫోను కొద్దిసేపటికి సరిపడా ముందే పట్టి ఉంచుకుని వినిపిస్తుంది. దారిలో సిగ్నలు సన్నబడితే బిందె ఖాళీ, పాట ఆగిపోతుంది. డబ్బు కట్టకపోతే మధ్యలో ప్రకటనలు. ఆ పైన ఏ పాట రావాలో చాలాసార్లు ఆ యంత్రమే తేలుస్తుంది. హుషారు పాట వెంటనే ఏడుపు పాట తగులుకుంటే ఏ కుర్రాడు ఊరుకుంటాడండీ? చెయ్యి జేబులోకి పోతుంది. చేతి వెనకాలే కళ్ళు పోతాయి.

నేను లెక్కల్లో మొద్దునే గాని ఈ మాత్రం లెక్క నాకూ వచ్చు. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. పాట మార్చడానికి 3 సెకన్లు ఫోనుకేసి చూస్తే 50 మీటర్లు కళ్ళు మూసుకుని వెళ్ళినట్టే. నాలుగు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం! ఆ దూరంలో ఓ గేదె ఉండొచ్చు, ఓ గొయ్యి ఉండొచ్చు, బడి వదిలాక రోడ్డు దాటుతున్న మీ పాపాయీ ఉండొచ్చు. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు, బండి నడుపుతూ చేత్తో ఫోను వాడటాన్ని ప్రమాదకరంగా నడపడం కిందే లెక్కగట్టింది ఊరికే కాదు.

పోనీ ఫోనుని హ్యాండిలుకి బిగిస్తే? పెద్ద ఇంజన్ల మోటారుసైకిళ్ళ అదురుకి ఫోను కెమెరా పాడవచ్చని ఆపిల్ కంపెనీ వాళ్ళే 2021లో జాగ్రత్త చెప్పారు. ఫోను కోసం కంపెనీ వాళ్ళు చెప్పారు. మన పిల్లల కోసం మనం చెప్పొద్దూ?

చెవుల సంగతి సరేసరి. గాలి హోరుని మించి వినపడాలంటే శబ్దం పెంచాల్సిందే. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చుగాని, 90కి పెరిగితే 4 గంటలే అంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజూ కాలేజీకి రానూ పోనూ ఆ 4 గంటలు అవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవాళ్ళే. వాళ్ళంతా పాటల వల్లే పోయారని నేననను. కానీ ఇంత ప్రమాదం ఉన్న దారిలో, ఉన్న రెండు చెవులూ చేతులారా మూసుకుని వెళ్తామంటే ఏమనాలి?

ఇక మన సంగతి. అవును, మన సంగతే! పాట వినిపించే ఆ ఫోనే మన కేకనీ మోసుకెళ్తుంది. "బయల్దేరావా? ఎక్కడిదాకా వచ్చావ్? కొత్తిమీర తెస్తున్నావా?" అని పిల్లాడు రోడ్డు మీద ఉన్నాడని తెలిసీ ఫోను చేసేది ఎవరు? నేను చేస్తాను. మీరూ చేస్తారు. తియ్యకపోతే మళ్ళీ చేస్తాం! పది రూపాయల కొత్తిమీర కోసం వాడి దృష్టిని మనమే లాగేసుకుని, పాటల్ని తిట్టడం ఏం న్యాయం?

అందుకే మా ఇంట్లో కొత్త పద్ధతులు పెట్టాను. శారీ గార్డు మళ్ళీ బిగించాల్సిందే. తాళం పెట్టే ముందు ఆ బఠానీ గింజలు డబ్బీలోకి పోవాల్సిందే. స్కూటీ నడిపే మా అమ్మాయికీ ఇదే రూలు. పిల్లలు దారిలో ఉంటే నేను ఫోను చెయ్యను. నా నెత్తిన హెల్మెట్టు, పూలు నలిగితే నలగనీ! కొత్తిమీర లేకపోయినా చారు చారే.

బండి వెనక సీటు మనకి కొత్త కాదు. మన మాట ముందు కూచున్నవాళ్ళకి వినపడకపోవడమూ కొత్త కాదు. మా వారి తరం మగవాళ్ళు విని కూడా విననట్టు నటించేవాళ్ళు. ఈ పిల్లలకి ఆ నటించే శ్రమ కూడా లేకుండా పోయింది! అంచేత ఈసారి బండెక్కే ముందు, కొడుకైనా సరే మొగుడైనా సరే, "చెవులు చూపించు" అనండి. నవ్వితే నవ్వనీండి. చూపించకపోతే ఆటో ఎక్కండి. వంద రూపాయలైతే అయింది. ఆ ఆటో అతనికి మన కేక వినపడుతుందని నేను పూచీ. ఆ రోజు విన్నది అతనొక్కడే మరి!