చెరువు నిండగానే చేపపిల్లలు వదలొచ్చా?

మృగశిర కార్తె నాడు సికింద్రాబాద్ చుట్టుపక్కల చేప వండని ఇల్లు తక్కువ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలయ్యే మరపడవల వేట నిషేధం జూన్ 14 దాకా ఉంటుంది. సముద్రపు సరుకు తగ్గుతుంది గనుక మన చెరువుల బొచ్చెకు, రవ్వకు అప్పుడు గిరాకీ. ఆ ధర మన చేతికి రావాలంటే అంతకు ముందటి వానాకాలంలోనే ఒక పని సరిగ్గా జరగాలి. చాలాచోట్ల అదే జరగడం లేదు.

చెరువు నిండింది, పిల్లలొచ్చాయి, వదిలేశాం, ఫొటో దిగాం. ఇదీ వరస. ఆ నీళ్లలో పిల్ల తినడానికి ఏమైనా ఉందా అని అడిగేవాళ్లేరీ?

చేపపిల్ల మొదటి మేత జంతు ప్లవకాలు. అంటే నీళ్లలో తేలాడే, కంటికి ఆనీ ఆనని సన్న పురుగు. గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకు ఎత్తితే చుక్కల్లా గెంతుతుంటుంది. రవ్వ, మ్రిగాల పెరిగాక వేరే మేతకు మళ్లుతాయి గానీ బొచ్చె పెద్దదయినా దీన్నే ఎక్కువ తింటుంది. ఈ పురుగు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఎండాకాలం నీరు తగ్గి చిక్కబడ్డప్పుడు సాధారణంగా బాగా పెరుగుతుంది. వరద రాగానే కొత్తనీటిలో పలచబడుతుంది. బురద నీటిలోకి ఎండ దిగదు, నాచు పెరగదు, నాచు లేనిదే పురుగుకూ తిండి లేదు. నీరు తేరుకున్నాకే మళ్లీ పుంజుకుంటుంది.

సముద్రంలోనూ ఇదే లెక్క. విశాఖ తీరాన ఎండాకాలం ముంగిట గాలులకు అడుగునున్న చల్లనీరు పైకి వస్తుందని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల్లోనే గమనించారు. దానితో వచ్చే పోషకాలే అక్కడ ప్లవకాలకు ఎరువు.

ఇక మన సంగతి. మత్తడి దూకుతుండగా వదిలిన పిల్ల నీటితోపాటే కిందికి పోతుంది. అలాగని మరీ ఆగితే, ఆరేడు నెలలే నీరుండే కుంటలో పెరగడానికి రోజులు చాలవు. అందుకే తేదీ ఆఫీసులో కాదు, చెరువు గట్టు మీద ఖాయం కావాలి.

పొద్దున్నే నాలుగైదు చోట్ల నుంచి 50 లీటర్ల నీరు ప్లాంక్టన్ వలలో వడకట్టి, మిగిలింది కొలత గీతలున్న సన్న సీసాలో పోసి చిటికెడు ఉప్పు వేయండి. పురుగు అడుక్కు దిగుతుంది. 1 నుంచి 2 మిల్లీలీటర్లుంటే మేత ఉన్నట్టే. నర్సరీ కుంటలకు చెప్పే లెక్క ఇది, చెరువుకూ ఆనవాలుగా పనికొస్తుంది. రంగు చూసి మాత్రం మోసపోవద్దు. మురుగు చేరిన హుస్సేన్‌సాగర్ కూడా ఎన్నోసార్లు పచ్చగానే కనిపించింది!

సొంతంగా నర్సరీ కుంట ఉన్న రైతులు పది గుంటలకు టన్ను చొప్పున పచ్చిపేడ 15 రోజుల ముందు వేసుకుంటే పురుగు లేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే పేడ ఆపాలి. ఊరి చెరువుకు వేయమనడం లేదు, అది పశువులు తాగే నీరు.

2016 నుంచి సర్కారు ఉచితంగా చేపపిల్లలు ఇవ్వడం మొదలుపెట్టింది. అంత ఖర్చు పెట్టే పథకంలో సంఘానికొక వల ఇవ్వడం ఏమంత భారం? లారీ రాకముందే సంఘం కూర్చుని వల అడగాలి. నీరు చూసి, ఫలానా వారం పిల్లలు తెమ్మని కాగితం రాసివ్వాలి.