పదిహేడేళ్లకే తేలిపోయే భవితవ్యం

అమెరికాలో వైద్యుడు కాదలచినవాడు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ ముగించి, ప్రవేశ పరీక్ష వ్రాసి, ఆపై నాలుగేళ్లు వైద్యం చదవాలి. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు హైస్కూలు చివరి ఏటనే విద్యార్థిని ఎంచుకొని డిగ్రీకీ, వైద్యవిద్యకూ కలిపి ఒకేసారి సీటు కేటాయిస్తాయి. మిస్సోరి విశ్వవిద్యాలయపు కాన్సాస్ సిటీ శాఖలో ఈ చదువు ఆరేళ్లు, బ్రౌన్‌లో ఎనిమిదేళ్లు.

చదువుకున్న తల్లిదండ్రులు, ఖరీదైన బడి, సలహా చెప్పేవారు ఉన్న పిల్లలకే ఇటువంటి సీట్లు సులభంగా అందుతాయన్నది న్యాయమైన విమర్శ. కానీ న్యూయార్క్ సిటీ కాలేజీ 1973లో ఇదే పద్ధతిని మరో ప్రయోజనానికి వాడింది. వైద్యవృత్తిలో ప్రాతినిధ్యం కొరవడిన వర్గాల పిల్లలను బడినుంచే చేరదీసి, వైద్యులు లేని పేటలకు వైద్యులను తయారుచేయాలని సంకల్పించింది. పద్ధతి ఒక్కటే, ఎవరికోసమన్నదే ప్రశ్న.

మన దేశంలో ఇంటర్ తరువాత నేరుగా ఎం.బి.బి.ఎస్. కనుక ఇక్కడ ప్రతి విద్యార్థి భవితవ్యమూ పదిహేడేళ్లకే తేలిపోతోంది. డిగ్రీ చదువుతూ నిదానంగా నిర్ణయించుకొనే వెసులుబాటు మన పిల్లలకు లేదు. పదో తరగతి తరువాత బైపీసీ తీసుకోని అమ్మాయికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే.

సీటు పోవడానికి మార్కులే కారణం కానక్కరలేదు. దశాబ్దాలు దస్త్రాల మధ్య గడిపిన మాకు తెలిసిన సంగతి ఇది: పదో తరగతి మెమోలో 'షేక్', ఆధార్‌లో 'షేఖ్', తండ్రి కాగితాల్లో 'ఎస్.కె.' అని ఉంటే కౌన్సెలింగ్ నాటికి ఆ కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ దక్కింది. ఆ ధ్రువపత్రం చేతిలో లేకుంటే హక్కు ఉండీ లేనట్లే. మైనారిటీ వైద్య కళాశాలల్లో చేరాలన్నా నీట్ తప్పదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. నీట్‌ను 2018 నుంచి ఉర్దూలోనూ వ్రాయవచ్చు. కానీ ఉర్దూ మాధ్యమంలో బైపీసీ చెప్పే అధ్యాపకులు, పుస్తకాలు లేనిచోట ఆ వెసులుబాటు కాగితానికే పరిమితం.

కాబట్టి మేము కోరేది ఇది. మైనారిటీ గురుకులాలలో ఎనిమిదో తరగతి నుంచే సైన్సు పునాది గట్టిపరచాలి. నీట్ శిక్షణ ఇంటర్ మొదటి ఏటనే మొదలుకావాలి. ఉర్దూ మాధ్యమ కళాశాలల్లో సైన్సు పోస్టులు భర్తీ చేయాలి. ధ్రువపత్రాల శిబిరాలను ప్రభుత్వం పాఠశాలల్లోనే నడపాలి.

భారమంతా ప్రభుత్వంపై నెట్టి ఊరుకోవడమూ తగదు. ప్రతి మసీదు కమిటీ ఏటా ఒక్క ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లల కాగితాలన్నీ సరిచూడగలదు. అందుకు నిధులు అక్కరలేదు. పదవీ విరమణ చేసిన మావంటి గుమాస్తాలు నలుగురు చాలు.