షజరాకి కంప్యూటర్ వేసే రంగులు

గొట్టంలో ఉమ్మి పట్టి పంపితే ఖాన్‌దాన్ హిసాబు శాతాల్లో వచ్చేస్తోంది. మనవాళ్ల దిల్‌చస్పీ ఎక్కడుందో తెలిసిందే. రిపోర్టులో కాస్త ‘మధ్యప్రాచ్యం’ కనబడితే సయ్యద్ సాహెబు ఛాతీ ఉప్పొంగుతుంది. కనబడకపోతే అవతలివాళ్లు ‘మీరంతా మతం మారినవాళ్లేగా’ అని ఎత్తిపొడుస్తారు. కాగితం ఎలా తయారైందన్న ఫికర్ ఇద్దరికీ లేదు.

పరిశోధకులు వాడే అడ్మిక్స్చర్ అనే ప్రోగ్రామ్ 2009లో వచ్చింది. దానికి జనం డీఎన్‌ఏలో లక్షల చోట్ల ఉన్న తేడాలు ఇస్తారు. వీళ్లని ఎన్ని మూలాలుగా విడగొట్టాలో కూడా మనిషే చెప్పాలి. ఆ సంఖ్య పేరు ‘కె’. కె మూడంటే మూడు రంగులు, ఆరంటే ఆరు. ఖూన్ మాత్రం అదే! ఏ కె బాగా అతుకుతుందో పరీక్షించే పద్ధతి ఉంది, కాదనను. కానీ రంగులకి పేర్లు కంప్యూటర్ పెట్టదు. పక్కన ఎవరి నమూనాలతో పోల్చారో చూసి మనుషులే పెడతారు. కంపెనీలు ఆ నమూనాలు మారిస్తే మన శాతాలూ మారిపోతాయి. ఇదా నసబ్?

భారత ముస్లిముల మీద జరిగిన అధ్యయనాల్లో తేలింది, ఎక్కువగా మనం ఇరుగుపొరుగు వాళ్లలాగే ఉన్నామని. కొన్నిచోట్ల పశ్చిమాసియా జాడ కొద్దిగా ఉంది. ఇందులో నాకు శరమ్ ఏమీ లేదు. దూదేకులవాళ్లని చిన్నచూపు చూసే షరీఫ్‌లకి ఉండాలేమో.

ఈ ఇల్మ్ అసలు ఫాయిదా వైద్యంలో ఉంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు నిమిషాల్లో దిగాల్సింది, వాళ్లకి గంటలు పడుతుంది. తరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల ఆ లోపం వాళ్లలో ఎక్కువైంది. సంగతి తెలిసిన మత్తు డాక్టరు ముందే జాగ్రత్త పడతాడు. మరి చాచా, ఖాలా పిల్లల మధ్య రిష్తాలు కలుపుకునే మన బిరాదరీల్లో ఏం దాగుందో? అమ్మానాన్నలిద్దరి నుంచీ అచ్చంగా ఒకేలా వచ్చిన డీఎన్‌ఏ ముక్కల్ని కొలిచే ప్లింక్ అనే ప్రోగ్రామ్ ఉంది. అది మజ్‌హబ్ అడగదు.

థౌజండ్ జీనోమ్స్ ప్రాజెక్టులో ‘తెలుగు’ పేరు మీద వందమందికి పైగా ఉన్నారు. ఆ నమూనాలన్నీ బ్రిటన్‌లో తీసినవే. షుగరు, గుండెజబ్బు ముప్పుని అంచనా కట్టే స్కోర్లేమో ఎక్కువగా యూరప్ జనాల డేటా మీద తయారయ్యాయి. మన దగ్గర వాటి గురి తప్పుతుంది.

సీసీఎంబీ హబ్సిగూడలోనే ఉంది. పరిశోధకులెవరైనా నమూనా అడగడానికి బస్తీకి వస్తే, ఇవ్వండి. కానీ ముందు రెండు సవాళ్లకి జవాబు రాబట్టండి: మా డేటా ఎవరెవరి చేతికి వెళ్తుంది? మా బిరాదరీలో ఏదైనా రోగం బయటపడితే వచ్చి మాకు చెప్తారా?