సీతారామపురం కుర్రాడు రుద్రవరంలో చదవగలడా?

బొల్లా శ్రీకాంత్ కథ చాలామందికి తెలిసిందే. 2024లో అది హిందీ సినిమాగా కూడా వచ్చింది. మచిలీపట్నం (బందరు) దగ్గరి సీతారామపురంలో, వ్యవసాయం మీద బతికే ఇంట్లో, చూపు లేకుండా పుట్టిన పిల్లవాడు. బడికి రెండేళ్లపాటు సోదరుడి సాయంతో, తోటి పిల్లల వెంట కిలోమీటర్ల దూరం నడిచి వెళ్లాడు. వానాకాలంలో ఆ దారి బురదతో, నీళ్లతో నిండిపోయేది. ఎనిమిదేళ్ల వయసులో హైదరాబాద్ చేరి, దేవనార్ అంధుల పాఠశాలలో చదువుకున్నాడు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినా ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వబోమన్నారు. బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి కాబట్టి చూపు లేనివాళ్లకు కుదరదని బోర్డు వాదన. కోర్టుకు వెళ్లి, ఆరు నెలలు పోరాడి ఆ సీటు తెచ్చుకున్నాడు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ సంస్థలు మాత్రం చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వికలాంగులకు ఉద్యోగాలిచ్చాడు.

ఈ కథను మనం పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటున్నాం. ఆ పట్టుదల గొప్పదే. కానీ బందరులో నిలబడి చూస్తే మరో ప్రశ్న మిగిలిపోతుంది. ఇదే బందరు శివారు రుద్రవరంలో ఇప్పుడు కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఏర్పడింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులకు పరీక్షలు పెట్టేది, పట్టాలిచ్చేది అదే. ఈరోజు సీతారామపురంలోనో, నాగాయలంకలోనో, గుడ్లవల్లేరులోనో అలాంటి మరో పిల్లవాడు ఇంటర్ పూర్తి చేస్తే, హైదరాబాద్ పోకుండా, కోర్టు మెట్లెక్కకుండా, తనకిష్టమైన సబ్జెక్టు సొంత జిల్లాలో చదువుకోగలడా? ప్రతి మలుపులోనూ ఇంకొకరి చెయ్యి అడగకుండా చదువుకోగలడా? ఒక్క సంస్థను నిలదీయడానికి వేస్తున్న ప్రశ్న కాదిది. కృష్ణా దిగువ డెల్టాలోని ప్రతి కళాశాల తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలంది. నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలను కూడా అందరూ వాడుకునేలా మార్చాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే 2022 జూన్‌తో ఆ గడువు ముగిసింది. కొత్త భవనమైతే, ప్రమాణాలు పాటించనిదే పూర్తయినట్టు ధ్రువపత్రమే ఇవ్వకూడదు. అయినా అమలు ఎందుకు జారిపోయిందంటే, నిబంధనల్లోని 15వ నిబంధన ప్రమాణాలను సలహాల్లాగా పేర్చి వదిలేసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను చెల్లదని కొట్టేసింది. తప్పనిసరిగా పాటించవలసిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారైంది మన హైదరాబాద్‌లోనే, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రంలో.

చట్టం ఢిల్లీలో పుడుతుంది, భవనం రేగడి మట్టిలో లేస్తుంది. ఈ రెంటి మధ్య దూరం మన ప్రాంతంలో మరింత ఎక్కువ. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. అందుకే ఇక్కడ ఏ భవనం కట్టినా బేస్‌మట్టం ఎత్తుగా లేపుతారు. అది తెలివైన పనే, ప్రాణాలు కాపాడే పని కూడా. కానీ లేపిన ప్రతి అడుగూ వీల్‌చైర్‌కు, కర్రల మీద నడిచేవారికి ఒక కొత్త అడ్డంకి. ర్యాంపు ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. మూడడుగుల బేస్‌మట్టం ఉన్న భవనానికి 36 అడుగుల ర్యాంపు కావాలి. మధ్యలో ఆగడానికి చదునైన చోటు, రెండువైపులా పట్టుకునే కడ్డీలు కూడా ఉండాలి. మెట్ల పక్కన మిగిలిన జాగాలో పది, పన్నెండడుగుల వాలు పోసి ర్యాంపు అనిపించుకుంటే, దాని మీద వీల్‌చైర్‌ను ఒంటరిగా ఎవరూ ఎక్కించలేరు. దిగేటప్పుడు అది ప్రమాదం కూడా. దానిపై నున్నటి టైల్స్ వేస్తే, ఆషాఢంలో మొదటి జల్లు పడగానే మామూలుగా నడిచేవాళ్లే జారుతారు.

ఇంకొకటి ఇంజినీర్లకు తెలుసు, మనం పట్టించుకోం. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే మట్టి ఇది. భవనానికి లోతైన పునాది వేసి, తర్వాత అతికించిన ర్యాంపుకు పునాది వేయకపోతే రెండు మూడు వానాకాలాలకే ర్యాంపు కుంగుతుంది. గడప దగ్గర నాలుగు వేళ్ల ఎత్తు తేడా వస్తుంది. నడిచేవారికి అది కనిపించదు. వీల్‌చైర్ ముందు చక్రాలు అక్కడే ఆగిపోతాయి. కాబట్టి ర్యాంపుకు కట్టినప్పటి బిల్లు ఎంత ముఖ్యమో, ఏటా మరమ్మతుకు పద్దు అంతే ముఖ్యం.

నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు కోసం కళాశాలలు వికలాంగులకు అనువైన వాతావరణం ఉందని చూపించాలి. ర్యాంపులు, లిఫ్టులు, మరుగుదొడ్లు, సూచిక ఫలకాలు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వంటివి ఉన్నాయని జియోట్యాగ్ ఫొటోలు పెట్టాలి. ఈ షరతు వచ్చినందువల్లే చాలాచోట్ల అసలంటూ ఒక ర్యాంపు లేచింది, ఆ మేలు ఒప్పుకోవాలి. అయితే ఫొటోలో వాలు కొలత తెలియదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు తెలియదు, దానికి తాళం ఉందో లేదో అసలే తెలియదు. వికలాంగ విద్యార్థి సొంతంగా వాడి చూసి చెప్పిన మాటకు ఏ ఫొటో సాటి రాదు. మరుగుదొడ్డి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కళాశాలలో వాడుకోదగ్గ మరుగుదొడ్డి లేదని పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా గడిపే అమ్మాయి, హాజరు పట్టికలో మాత్రం మామూలు విద్యార్థినిగానే కనిపిస్తుంది.

కళాశాల దాకా రావడం మరో సంగతి. దివిసీమలో రైలు లేదు. నాగాయలంక, కోడూరు వైపు నుంచి బందరుకు బస్సే ఆధారం. ఎదురుమొండి దీవి నుంచి వచ్చేవారైతే ముందు ఏరు దాటాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. గొప్ప మార్పు. కానీ పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎక్కలేని అమ్మాయికి అడ్డం టికెట్ ధర కాదు, ఆ మెట్టు. గుడివాడ నుంచి బందరుకు రైలుంది, అయితే స్టేషను నుంచి తరగతి గది దాకా ఉన్న చివరి దూరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విశ్వవిద్యాలయం ఆర్టీసీ డిపోతో మాట్లాడి, కళాశాల వేళలకు తక్కువ ఎత్తు మెట్లున్న ఒకటి రెండు బస్సులు వేయించుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఇక తెర మీది దారి. పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే, ఎక్కువ నిర్లక్ష్యం జరుగుతున్నదీ ఇక్కడే. చూపు లేని విద్యార్థికి ఈరోజు కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ ఉంది. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ అది. ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంది. రెండూ తెలుగు చదువుతాయి. కానీ చదవడానికి అక్షరాలు ఉండాలి కదా. మన డీటీపీ సెంటర్లలో, చాలా కార్యాలయాల్లో తెలుగు ఇంకా అను ఫాంట్లలోనే టైపవుతోంది. ఆ పద్ధతిలో తెర మీద కనిపించేది తెలుగే, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. స్క్రీన్ రీడర్ లోపలిదాన్ని చదువుతుంది కాబట్టి, సిలబస్ వినాలని కూర్చున్న విద్యార్థికి అర్థంలేని శబ్దాలు వినిపిస్తాయి. సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడితే అది ఉత్త బొమ్మ. స్క్రీన్ రీడర్ మౌనంగా ఉండిపోతుంది. నోటీసు బోర్డును ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే. పరీక్ష ఫీజు చివరి తేదీ మారిందని తరగతిలో అందరికీ తెలుస్తుంది, ఆ ఒక్కరికీ తెలియదు.

దీనికి మందు యూనికోడ్, అంటే లోపల కూడా తెలుగు అక్షరంగానే నిలిచే పద్ధతి; స్కాన్ బొమ్మకు బదులు ఆ ఫైలునే పెట్టడం. టైపు చేసేవారికి వారం పది రోజుల అలవాటు. ఈ మాట దివిసీమలో చెప్పుకోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన నాటి విద్యామంత్రి మండలి వెంకట కృష్ణారావు ఈ గడ్డ నాయకుడే. ఆయన పేరుతో ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటు ఉంది. ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసింది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆయన సొంత సీమలోని విద్యార్థికి అందే సర్క్యులర్ అలాంటి ఫాంటులో ఉంటే, అది కంటికీ అందుతుంది, చెవికీ అందుతుంది.

అవనిగడ్డను చూడండి. డీఎస్సీ కోచింగ్‌కు రాష్ట్రమంతటి నుంచి అభ్యర్థులు వచ్చే ఊరది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ పోస్టులకు సిద్ధమయ్యే చూపు లేని అభ్యర్థి చేతికి వచ్చే మెటీరియల్ జిరాక్స్ కాగితాల కట్ట. దాన్ని టైపు చేసిన ఫైలు ఎక్కడో ఒక కంప్యూటర్లో ఉండే ఉంటుంది. అది యూనికోడ్‌లో ఉండి, ఆ అభ్యర్థికి పంపిస్తే చాలు.

ప్రవేశ దరఖాస్తులదీ ఇదే తీరు. డిగ్రీకి వెబ్ ఆప్షన్లు, పీజీకి ఆన్‌లైన్ కౌన్సెలింగ్, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ అప్‌లోడ్, బొమ్మలోని అంకెలు చూసి కొట్టాల్సిన కాప్చా, నిమిషాల్లో గడువు తీరే ఓటీపీ. చూపు లేనివారు, చేతివేళ్లు సరిగా ఆడనివారు ఇంటర్నెట్ సెంటర్లో ఎవరికో తమ ఫోను, పాస్‌వర్డు అప్పజెప్పక తప్పదు. ఏ కళాశాల ఎంచుకోవాలన్న నిర్ణయం కూడా ఆ కుర్చీలో కూర్చున్నవారి చేతిలోకి పోతుంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకుల కేవైసీ సందర్భంలో వచ్చిన తీర్పు అది. అదే కారణం కళాశాల పోర్టల్‌కూ వర్తిస్తుంది.

‘మా కాలేజీలో అలాంటి పిల్లలు లేరండీ’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులను లెక్కించింది. వాళ్లలోని పిల్లలు, యువకులు ఎక్కడికి పోయినట్టు? మెట్లెక్కలేని భవనంలో మెట్లెక్కలేని విద్యార్థి చేరడు. చేరలేదు కాబట్టి అవసరం లేదంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. పైగా ఉన్నవాళ్లలో చాలామంది కంటికి కనిపించరు. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే అధ్యాపకుడి పెదవులు చూడలేక వెనకబడే వినికిడి లోపం ఉన్న పిల్ల, చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా పిల్లవాడు, మానసిక అనారోగ్యంతో పోరాడుతున్నవారు, తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకునేవారు, వీళ్లందరూ ఆ 21 రకాల్లోకి వస్తారు. వీళ్లకు కావలసింది సిమెంటుతో అయ్యేది కాదు. పాఠం నోట్సు ముందురోజే ఇవ్వడం, వీడియోకు కింద తెలుగు అక్షరాలు వేయడం, హాజరులో సడలింపు.

ఖర్చు మాటకొస్తే, పాత భవనానికి లిఫ్టు పెట్టడం నిజంగా భారమే. గుడివాడ ఏఎన్ఆర్ కళాశాల మొదలుకొని బందరులోని వందేళ్లు దాటిన ప్రాంగణాల దాకా అన్ని భవనాలనూ ఒక్క ఏడాదిలో మార్చలేరు. కానీ వీల్‌చైర్ వాడే విద్యార్థి ఉన్న తరగతిని కింది అంతస్తుకు మార్చడానికి టైంటేబుల్ వేసే అధ్యాపకుడి సంతకం చాలు. కొత్తగా కట్టేచోట ఆ సాకు కూడా ఉండదు. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, పోర్టు పనులు సాగుతున్నాయి. ఈ ఊరు మళ్లీ కట్టుబడుల దశలో ఉంది. టెండరు కాగితంలో రాయని ర్యాంపు తర్వాత అతుకుగా వస్తుంది, కుంగుతుంది.

విశ్వవిద్యాలయానికి తన ప్రాంగణం గోడలకన్నా పెద్ద అధికారం ఒకటుంది. అనుబంధ కళాశాలలకు ఏటా గుర్తింపు ఇచ్చేది తానే, ప్రశ్నపత్రం తయారుచేసేదీ తానే. ప్రశ్నపత్రం, హాల్ టికెట్, సిలబస్ ఈ మూడూ యూనికోడ్ తెలుగులో, స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైలుగా ఉండాలని పరీక్షల విభాగం ఒక్క ఉత్తర్వు ఇస్తే, బందరు నుంచి గుడివాడ, అవనిగడ్డ దాకా అన్ని కళాశాలల్లో ఒకేసారి అమలవుతుంది. పరీక్ష రాసిపెట్టే సహాయ లేఖకుడు, అదనపు సమయం విషయంలో కేంద్ర మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. ఈ సంగతి పరీక్ష రోజు ఉదయం ఇన్విజిలేటర్‌కు వివరించుకోవలసిన గతి విద్యార్థికి పట్టకుండా హాల్ టికెట్ మీదే ముద్రించవచ్చు. అఫిలియేషన్ తనిఖీకి వెళ్లే బృందంలో ఒక వికలాంగ విద్యార్థినో, పూర్వ విద్యార్థినో సభ్యుడిగా వేసి, ర్యాంపు ఎక్కి, మరుగుదొడ్డి తలుపు తెరిచి, వెబ్‌సైటు విని చూసి నివేదిక రాయమనవచ్చు. యూజీసీ 2022లో ఉన్నత విద్యాసంస్థలకు ఇచ్చిన ప్రమాణాలు ఆ తనిఖీకి కొలబద్దగా సిద్ధంగానే ఉన్నాయి. ఆ నివేదికలు కళాశాలలవారీగా ప్రవేశాల నోటిఫికేషన్‌కు ముందే బయటపెడితే, నాగాయలంకలో ఇంటర్ ముగించిన విద్యార్థి ఏ కళాశాలకు తాను వెళ్లగలడో వెబ్ ఆప్షన్ పెట్టుకునేలోపే తెలుసుకుంటాడు.