యంత్రములు మారెను, మనుష్యులు మారరా?

భవిష్యత్కాలమును తెరపై చూపుట ఇటీవల మన చలనచిత్రములకు గొప్ప వేడుక యైనది. జూబిలీ హిల్సులోను, ఫిల్మ్‌నగరులోను నెలకొన్న మన చిత్రపరిశ్రమ ఎగిరెడు బండ్లను, మాటలాడెడు యంత్రములను కల్పించి ప్రపంచమును మెప్పింప బూనినది. ఈ నేర్పు మెచ్చదగినదే. కాని మేమడుగునది యొక్కటి: ఆ రాబోవు కాలమున యంత్రములన్నియు మారుచుండగా మనుష్యుల సంబంధములేల మారుట లేదు?

1991లో సింగీతం శ్రీనివాసరావుగారి "ఆదిత్య 369" కాలయంత్రమును తెలుగు తెర కెక్కించెను. అది ప్రేక్షకులను శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, పిదప 2504వ సంవత్సరమునకును కొనిపోయెను. యుద్ధముచే పాడైన భూమిని, నేలక్రింద బ్రతుకు జనులను చూపి, వివేకము తోడులేని శాస్త్రము ఏమి చేయగలదో హెచ్చరించెను.

2024లో నాగ్ అశ్విన్‌గారి "కల్కి 2898 ఏ.డి." వచ్చెను. కురుక్షేత్రము ముగిసిన ఆరువేల యేండ్లకు కాశీలో నడచు కథ యది. అందు ప్రభువులు స్త్రీలను ప్రయోగశాలలో బంధించి, వారి గర్భములనుండి తమకు కావలసిన సారమును తీయుదురు. ఇది దౌష్ట్యమని చిత్రమే చెప్పుచున్నది, సంతోషము. అయినను చెర తప్పించుకొన్న ఆ తల్లి వంక చూడుడు. ఆమె కడుపున నున్నవాడు అవతారపురుషుడు గనుకనే అశ్వత్థామ ఆమెకు కావలి నిలిచెను. కడుపున దేవుడు లేని తక్కిన స్త్రీల గతి యేమి? ఇంకను ఎనిమిదివందల యేండ్లు గడచినను స్త్రీకి విలువ గర్భమువలననే రావలెనా?

"పురాణము మన సొత్తు, వాడుకొనుట తప్పా?" యందురు. తప్పు కాదు. కాని అవతారమున కెదురుచూచుట భక్తునకు తగును. సంఘమును దిద్దగోరువానికి తగదు. "సినిమా వినోదమునకే గదా" యని మరికొందరందురు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి "మాలపిల్ల"కును జనులు వినోదమునకే వచ్చిరి. వచ్చి, బ్రాహ్మణ యువకుడును హరిజన కన్యయు ప్రేమించుకొనుటను చూచిరి. అందు వింత యంత్ర మొక్కటియు లేదు. రాబోవు కాలము మాత్రము ఉన్నది.

భవిష్యత్తు చూచుటకు 2898 దాక పోనక్కరలేదు. అది ఫిల్మ్‌నగరు వాకిటనే నిలిచియున్నది. అవకాశ మిచ్చుటకు స్త్రీలనుండి ఏమి కోరుచున్నారో 2018లో ఒక నటి ఫిల్మ్ చాంబరు ముందర నిలిచి లోకమునకు చాటెను. ఆ విషయమై ఏర్పడిన ప్రభుత్వోపసంఘపు నివేదికను ప్రకటింపుడని 2024లో నటి సమంత కోరవలసి వచ్చెను. 2020లో స్వర్గస్థులైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి కంఠమును అనుమతి లేకయే కృత్రిమ మేధచే పలికించిరని ఆయన కుటుంబమువారు 2024లో ఆక్షేపించిరి. 2025 ఆగస్టులో చిత్రకార్మికులు నూటికి 30 వంతులు వేతనము పెంచుడని సమ్మె కట్టిరి. యంత్రమే గుంపులను సృష్టింపగల నాడు, కృష్ణానగరు ఇరుకు గదులలో పిలుపునకై కాచుకొనియుండు జూనియర్ ఆర్టిస్టుల అన్నము మాట యేమి? గొంతు ఎవరిది? ముఖము ఎవరిది? లాభము ఎవరిది? భవిష్యత్కథలు ఇవి గావా?

కథకులారా, ఎవనికిని తల్లి గాకయే స్త్రీ గౌరవము పొందెడు ఊరిని, యంత్రము తెచ్చిన లాభములో కూలివానికిని పాలు గల ఊరిని ఒక్కసారి ఊహించి చూపుడు. ఎగిరెడు బండికంటె అది కష్టమైన కల్పన. కష్టమైనది గనుకనే మీ ప్రతిభకు తగినది.

చదువరులారా, మన పని యొకటి కలదు. పిల్లలు ఇట్టి చిత్రము చూచి ఇల్లు చేరిన రాత్రి, బండి యెట్లెగిరెనని మాత్రమే గాక, ఆ లోకములో అమ్మ యేమి చేయుచున్నదని కూడ వారి నడుగుడు.