వారం రోజుల చుట్టరికం

సంక్రాంతి వస్తే హైదరాబాద్ సగం ఊళ్లకు తరలిపోతుంది. బ్యాగులు సర్దుకున్నాక చాలా ఇళ్లలో ఒక ప్రశ్న మిగిలిపోతుంది: కుక్కనేం చేద్దాం? దానికి ఇప్పుడు వినిపిస్తున్న జవాబు చేవెళ్ల రోడ్డు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ జలాశయాలను కాపాడటానికి నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో తెచ్చిన 111 జీవో పుణ్యమా అని మొయినాబాద్ చుట్టుపక్కల అపార్టుమెంట్లు కిక్కిరిసిపోలేదు. తోటలు, ఫామ్‌హౌస్‌లు, ప్రహరీ కట్టిన ఖాళీ ఎకరాలు మిగిలాయి. కుక్కలను రోజుకింత అని తీసుకుని ఉంచుకునే బోర్డింగులకు ఇంతకన్నా అనువైన చోటేముంది? ఫ్లాటులో బాల్కనీకే పరిమితమైన లాబ్రడార్‌కు ఇక్కడి మట్టిలో పరుగెత్తడమే ఒక పండగ. గొలుసు ఉండదు, బోను ఉండదు, రోజంతా తోటి కుక్కలతో ఆటలే అంటే ఏ యజమానికైనా ఇంపుగానే ఉంటుంది. నా అభ్యంతరం సరిగ్గా ఆ చివరి మాట మీదే. ముక్కూమొహం తెలియని రెండు కుక్కలు వారం రోజులు ఒకచోట ఉండాల్సివస్తే, వాటికి స్నేహం కుదర్చడం ఉంచుకున్నవాళ్ల పని కాదు. గొడవ రాకుండా చూడటమే పని. తెలిసినవాళ్ల కుక్కను నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

చిక్కేమిటంటే కుక్కల ఆట చూడటానికి కొట్లాటలాగే ఉంటుంది. మెడ పట్టుకుంటాయి, కింద పడేస్తాయి, గుర్రుమంటాయి, పళ్లు చూపిస్తాయి. ముందుకాళ్లు నేలకు ఆనించి, నడుము పైకెత్తి కుక్క పెట్టే దండం అందరూ చూసే ఉంటారు. అది ఎప్పుడు వస్తుందో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బెకాఫ్ లెక్కగట్టి 1995లో ప్రచురించారు. అపార్థానికి తావిచ్చే గట్టి కాటుకు కాస్త ముందో వెనకో అది ఎక్కువగా వస్తోందని తేలింది. అంటే, ‘ఇది ఆటే సుమా’ అని చెప్పుకోవడం. ఆటలో రెండూ సమానంగా పైచేయి పంచుకుంటాయన్న నమ్మకాన్ని ఎరికా బావర్, బార్బరా స్మట్స్ 2007లో పరీక్షిస్తే అదీ పూర్తిగా నిలబడలేదు. కొన్ని జతల్లో ఒకటే ఎక్కువసార్లు పైన ఉన్నా ఆట సజావుగానే సాగింది. కాబట్టి గుర్రుమన్న ప్రతిసారీ కంగారుపడనక్కర్లేదు, ఎప్పుడూ కిందపడే కుక్కను చూసి జాలిపడనూ అక్కర్లేదు. పైనున్నదాన్ని ఒక్క నిమిషం పట్టుకుని, కిందున్నది ఏం చేస్తుందో చూడాలి. తిరిగొచ్చి కవ్విస్తే అది ఆట. తోక ముడుచుకుని మనిషి కాళ్ల వెనక్కో మంచం కిందకో దూరితే, అప్పటిదాకా జరిగింది ఆట కాదు. అంతకన్నా ప్రమాదమైనది చప్పుడు లేని గుర్తు: ఒళ్లు బిగుసుకుపోవడం, నోరు మూసుకుని రెప్ప వేయకుండా చూడటం. అరుపులకు ఉలిక్కిపడే మనం ఈ మౌనాన్ని పట్టించుకోం.

‘అవే సర్దుకుంటాయి, మనం మధ్యలో దూరకూడదు’ అన్న సలహా మన దగ్గర బాగా పాతుకుపోయింది. ఏది పెద్దదో తేలిపోతే గొడవ సద్దుమణుగుతుందని దాని వెనకున్న నమ్మకం. ఈ ‘ఆల్ఫా’ ఊహకు మూలం స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూ. అక్కడ బంధించిన తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం ఆ ఊహను జనంలోకి తీసుకెళ్లింది. 1999లో ఆ మెక్కే, అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీతండ్రీ పిల్లలే, అధికారం కోసం కుమ్ములాట అక్కడ కనిపించదని సవరించుకున్నారు. ఆల్ఫా సిద్ధాంతం తప్పని తేలిందంటూ సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం బాసెల్ కథే మన బోర్డింగులకు దగ్గరగా కనిపిస్తుంది. షెంకెల్ చూసినది తోడేలు నైజం కాకపోవచ్చు, పరాయి జంతువులను పక్కకు తప్పుకునే దారిలేని చోట కలిపితే ఏమవుతుందో మాత్రం ఆయన కళ్లారా చూశారు. మన ప్రహరీ లోపల జరిగేదీ అదే. పైగా ఇక్కడ వ్యవధి కూడా లేదు. ఒకే ఇంట్లో పెరగబోయే రెండు కుక్కలు నెలల తరబడి ఒకదాన్నొకటి అర్థం చేసుకుంటాయి. బోర్డింగులో సర్దుకునే లోపే కారొచ్చి ఒకదాన్ని తీసుకెళ్తుంది, దాని చోటికి ఇంకోటి దిగుతుంది. సర్దుబాటు మళ్లీ మొదటికొస్తుంది.

పైగా చాలా గొడవలు పెత్తనం కోసం కాదు, వస్తువు కోసం. తిండి గిన్నె, ఎముక, బంతి, ఇంటి వాసనున్న పాత దుప్పటి, చివరికి నిమిరే మనిషి చెయ్యి. పండక్కి వచ్చిన చుట్టాల పిల్లలు ఒకే బొమ్మ దగ్గర కొట్టుకున్నట్టే. ఇంకో చోటు గేటు. బయట బండి ఆగగానే రెండూ మొరుగుతూ పరుగెత్తుతాయి, అవతలి మనిషి అందడు, ఆ ఊపులో పక్కనున్నదాని మీద పడతాయి. కాబట్టి తిండి వేర్వేరు గదుల్లో, నిద్ర వేర్వేరుగా, మనిషి కన్ను లేనప్పుడు తలుపు అడ్డంగా. మొదటి పరిచయం లోపల కాదు, బయట, కాస్త ఎడంగా ఒకే దిక్కున నడిపిస్తూ. ఆట పదీ పదిహేను నిమిషాలు, తర్వాత నీళ్లు, విశ్రాంతి. మే నెల ఎండలో హస్కీని మధ్యాహ్నం పరుగెత్తించడం గొడవలకన్నా ముందు వడదెబ్బ తెస్తుంది.

స్థలం ఎకరాలకొద్దీ ఉంటే వేరుగా ఉంచడమెందుకు, అది క్రూరత్వం కాదా అని అడుగుతారు. స్థలం మేలు చేస్తుంది, కాదనను. కానీ గొడవ జరిగేది ఎకరం నడిమధ్యన కాదు, గిన్నె దగ్గర, గుమ్మంలో. రోజులో ఎక్కువ భాగం నిద్రపోయే జంతువుకు నిశ్చింతగా పడుకునే మూల ఉండటం శిక్ష ఎలా అవుతుంది? జాతిని చూసి జత కుదిర్చితే చాలదా అనేది ఇంకో వాదన. ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కల పెంపకాన్ని ఆపాలని కేంద్రం 2024 మార్చిలో రాష్ట్రాలకు రాసిన లేఖ వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు తర్వాతి నెలలోనే కొట్టేసింది. 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, ప్రవర్తనలో తేడాలకు జాతి సుమారు 9 శాతమే కారణమని తేల్చింది. గోల్డెన్ రిట్రీవర్ అన్న పేరు చూసి గిన్నె పక్కన గిన్నె పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఖర్చు మాటకొస్తే, దానికి నా దగ్గర తీపి జవాబు లేదు. గదులు, తలుపులు, రాత్రి మెలకువగా ఉండే మనిషి, అన్నీ డబ్బే. ధర పెరుగుతుంది, పెరగనివ్వాలి.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెతను అక్షరాలా పాటించేవాళ్లూ ఉన్నారు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, కోపం మానదు. ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. కరుచుకుంటున్నవాటి మధ్య చెయ్యి పెట్టడం, మెడ పట్టీ పట్టి లాగడం మనిషికి కాటు పడటానికి సులువైన మార్గం. బకెట్ నీళ్లు, పెద్ద చప్పుడు, రెండింటి మధ్య అట్టో దుప్పటో మొదటి ఆయుధాలు. విడిపోయాక బొచ్చు కింద వేళ్లతో తడిమి చూడాలి. పంటి గాటు పైకి చిన్న రంధ్రం, లోపల చిరుగు పెద్దది, చీము పట్టేది అక్కడే. మనిషికి పన్ను తగిలితే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కుక్కకు టీకాలయ్యాయి కదా అని వాయిదా వేయకూడదు.

చట్టం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనలు, 2018 నాటి పెట్ షాపు నిబంధనలు ప్రధానంగా సంతానం, అమ్మకం గురించి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జంతువు విషయంలో నిర్లక్ష్యాన్ని నేరమంటుంది, అదీ మనిషికి ముప్పున్నప్పుడే. కుక్కను కుక్క కరిస్తే మిగిలేది యజమాని ముందుగా అడిగిన ప్రశ్నలే. టీకా కార్డు ప్రతి కుక్కకూ చూస్తారా, ఏ పశువైద్యుడి దగ్గరికి ఎంతసేపట్లో వెళ్తారు, మా కుక్క ఎముక దగ్గర ఎవరినీ రానివ్వదని చెబితే రాసుకుంటారా. అన్నిటికన్నా ముందు అడగాల్సింది, రాత్రి ఇవి ఎక్కడ పడుకుంటాయి అని. ‘అన్నీ కలిసే పడుకుంటాయి సార్, ఏం కాదు’ అని నవ్వుతూ చెబితే, దింపిన దుప్పటిని మళ్లీ డిక్కీలో పెట్టుకోవచ్చు. శంకర్‌పల్లి వైపు ఇంకో చోటు దొరక్కపోదు.